ముందు స్క్రూ చూడండి, తర్వాత మిషన్ కొనండి

ఆన్‌లైన్‌లో కార్డ్‌లెస్ స్క్రూడ్రైవర్ అని వెతికితే 3.6 వోల్టులు, 12 వోల్టులు, 21 వోల్టులు, 48 వోల్టులు అంటూ రకరకాల అంకెలు కనిపిస్తాయి. పక్కనే పెట్టె నిండా నలభై యాభై బిట్లు, అంటే మిషన్ కొసకు తగిలించే ముక్కలు, పరిచిన ఫొటో. ఎక్కువ వోల్టులు, ఎక్కువ బిట్లు, తక్కువ ధర చూసి ఆర్డర్ పెట్టేస్తారు చాలామంది. మిషన్ ఇంటికొచ్చాక కర్టెన్ రాడ్ బిగిద్దామని గోడకు ఆనిస్తే పైన ఉన్న పుట్టీ మాత్రం రాలుతుంది, లోపలికి అర అంగుళం కూడా దిగదు. ఇక మిషన్ చెత్తదని రివ్యూ రాసేస్తారు. నిజంగా చెత్త మిషన్లూ ఉన్నాయి, కాదనలేం. కానీ ఎక్కువసార్లు జరిగేది వేరు: ఒక పని కోసం చేసిన మిషన్‌తో ఇంకో పని చేయించబోవడం.

ఇంటి పనుల్లో ఈ మిషన్లకు బలం చాలకపోవడం అరుదు. స్క్రూ తలకు సరిపడే బిట్ లేకపోవడం, ముందుగా సన్నటి బెజ్జం వేసుకోకపోవడం, బిగిసిన క్షణంలో మిషన్ ఆగకపోవడం, ఈ మూడింటి వల్లే పని చెడుతుంది. అందుకే కొనేముందు మిషన్ అంకెలకన్నా ఇంట్లో ఎలాంటి స్క్రూలు వాడాలి, అవి దేంట్లోకి దిగాలి అనేది చూసుకోవడం మేలు.

ఒకే పేరు, మూడు మిషన్లు

కార్డ్‌లెస్ స్క్రూడ్రైవర్ పేరుతో దొరికేవాటిలో మొదటిది అరచేతిలో ఇమిడే 3.6 వోల్టుల చిన్న మిషన్. లోపల ఉండేది సాధారణంగా ఒకే లిథియం సెల్. ఫోన్ ఛార్జర్‌తోనే ఛార్జ్ అయ్యేవి ఇప్పుడు ఎక్కువ. నిమిషానికి రెండు మూడు వందల చుట్లు తిరుగుతుంది. తిప్పే బలం, అంటే టార్క్, 3 నుంచి 6 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవున్న కడ్డీ చివర సుమారు 100 గ్రాముల బరువు వేలాడదీస్తే రెండో కొస దగ్గర పుట్టే మెలిక ఒక న్యూటన్ మీటర్. 5 న్యూటన్ మీటర్లంటే అదే కడ్డీకి అరకిలో వేలాడదీసినట్టు. వినడానికి తక్కువే అనిపిస్తుంది గానీ, స్విచ్ బోర్డు ప్లేట్లు, అల్మరా హింజ్‌లు, కుర్చీ బోల్టులు, ఇన్వర్టర్ మూత, పిల్లల సైకిల్ బుట్ట లాంటివాటికి ఇది సరిపోతుంది. చాలా మోడళ్లలో మోటార్ ఆగాక బిట్ తిరగకుండా లాక్ అయిపోతుంది. అప్పుడు మిషన్‌నే మామూలు స్క్రూడ్రైవర్‌లా పట్టుకుని ఆఖరి పావు చుట్టు చేత్తో తిప్పుకోవచ్చు.

రెండోది డ్రిల్ డ్రైవర్. ముందు డ్రిల్ బిట్‌ని పట్టే చక్, దాని వెనక అంకెలున్న రింగ్ ఉంటాయి. స్క్రూ బిగిశాక మిషన్‌ని ఆపే ఆ రింగే క్లచ్. 12 వోల్టుల మిషన్లలో 20 నుంచి 30, 18 వోల్టుల వాటిలో 40 నుంచి 60 న్యూటన్ మీటర్ల టార్క్ మామూలు. పెట్టె మీద 30/15 అని రెండు అంకెలుంటే మొదటిది ఇనుములో బోల్టు బిగిసినప్పుడు ఒక్క క్షణం వచ్చే బలం, రెండోది చెక్కలోకి దిగేటప్పుడు నిలకడగా ఇచ్చే బలం. ప్రకటనల్లో కనిపించేది మొదటిదే. ఇంటికి పనికొచ్చేది రెండోది.

మూడోది ఇంపాక్ట్ డ్రైవర్. పొట్టిగా ఉంటుంది, చక్ ఉండదు, పావు అంగుళం ఆరు పలకల బిట్లు మాత్రమే పడతాయి. స్క్రూ మొరాయించగానే లోపలి సుత్తి ముక్క నిమిషానికి వేల దెబ్బలు వేస్తూ దాన్ని తిప్పుతుంది. 18 వోల్టుల రకంలో 150 న్యూటన్ మీటర్లు దాటడం మామూలే. విచిత్రమేమిటంటే ఇంత బలమున్నా మణికట్టు మెలిపడదు, ఎందుకంటే బలం విడివిడి దెబ్బలుగా వస్తుంది. 50 న్యూటన్ మీటర్ల డ్రిల్ డ్రైవర్ బిట్ ఇరుక్కుంటే మాత్రం మిషన్ మొత్తం గిర్రున తిరిగి చేతిని లాగేస్తుంది. షెడ్డు రేకులు, ఇనుప ఫ్రేములు, పొడవాటి స్క్రూలతో రోజంతా పనిచేసేవాళ్లకు ఇంపాక్ట్ డ్రైవర్ దేవుడిచ్చిన వరం. ఫ్లాట్‌లో ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసిన బోర్డు) కప్‌బోర్డులు బిగించుకునేవాళ్ల చేతిలో అదే మిషన్ స్క్రూని బోర్డు లోపలికంటా తోసేస్తుంది. ఆగమని చెప్పడానికి దానికి మామూలు క్లచ్ ఉండదు.

దీన్నీ, షాపుల్లో ఇంపాక్ట్ డ్రిల్ అని అమ్మే వైరు మిషన్‌నీ కలిపి చూడకూడదు. ఇంపాక్ట్ డ్రైవర్ దెబ్బ తిరిగే దిశలో పడుతుంది, ఇంపాక్ట్ డ్రిల్ దెబ్బ గోడ వైపు పడుతుంది. గోడ తొలిచేది రెండోదే.

వోల్టుల మాయ

లిథియం సెల్ ఒక్కోటి లెక్కకు 3.6 వోల్టులు, నిండా ఛార్జ్ చేసినప్పుడు 4.2. మూడు సెల్స్ కలిపితే 10.8, దాన్నే 12 వోల్టులు అని అమ్ముతారు. అయిదు కలిపితే 18. నిండా ఛార్జ్ అయిన క్షణంలో 21. కాబట్టి 18, 20 మ్యాక్స్, 21 అని రాసినవన్నీ దాదాపు ఒకే బ్యాటరీలు. అమెరికాలో 20 వోల్టులని అమ్మే బ్రాండ్ అదే మిషన్‌ని యూరప్‌లో 18 అని అమ్ముతుంది. ఇందులో మోసం లేదు, కొలిచే క్షణం తేడా అంతే.

మోసం ఉన్నది 48, 88, 128 అంకెల పక్కన ఏవో అక్షరాలు తగిలించిన చవక ప్యాక్‌లలో. సాధారణంగా లోపల ఉండేవి అవే అయిదు సెల్స్. పట్టుకోవడానికి ఒక లెక్క ఉంది. బ్యాటరీ లేబుల్ మీద వాట్ అవర్, ఆంపియర్ అవర్ అని రెండూ ఉంటే మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 36 వాట్ అవర్, 2 ఆంపియర్ అవర్ అని ఉంటే అది 18 వోల్టుల బ్యాటరీ, పైన ఎంత పెద్ద అంకె వేసినా సరే. వాట్ అవర్ అసలే రాయని ప్యాక్‌ని, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ లేని సెల్‌ని వదిలేయడమే మంచిది. ఛార్జ్‌లో పెట్టి నిద్రపోయే వస్తువు కదా.

మన గోడలు, వాళ్ల గోడలు

ఈ మిషన్ల గురించి వీడియోలు చూసి కొనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆ వీడియోల్లో చాలా భాగం అమెరికా ఇళ్లలో తీసినవి. అక్కడ ఇల్లంటే చెక్క ఫ్రేము, 16 అంగుళాలకొక నిలువు కమ్మీ, దానిమీద జిప్సమ్ బోర్డు. షెల్ఫ్ బిగించాలన్నా, టీవీ తగిలించాలన్నా స్క్రూ నేరుగా కమ్మీలోకి దిగుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఒక 12 వోల్టుల డ్రిల్ డ్రైవర్ ఉంటే ఇంటి పని మొత్తం అయిపోతుంది. అదే మాట ఫోన్‌లో విని హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు అదే మిషన్ కొంటే తంటా మొదలవుతుంది.

ఇక్కడి గోడలు మూడు నాలుగు రకాలు. పాత ఇళ్లలో ఎర్ర ఇటుక, దానిమీద సిమెంటు పూత. హ్యామర్ మోడ్ (తిరుగుతూనే గోడ వైపు దెబ్బలు వేసే పద్ధతి) ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్‌తో ఇందులో 6 మిల్లీమీటర్ల బెజ్జం వేసుకోవచ్చు, కాస్త ఓపిక కావాలి. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు తెల్లటి ఏఏసీ బ్లాకులు, అంటే గాలి బుడగలున్న తేలిక సిమెంటు బ్లాకులు, ఎక్కువ. అవి మెత్తగా ఉంటాయి. హ్యామర్ వేస్తే బెజ్జం వెడల్పైపోయి, స్క్రూ పట్టడానికి అందులో దూర్చే ప్లగ్ నిలవదు. హ్యామర్ ఆపేసి మామూలు డ్రిల్లింగ్‌తోనే తొలిచి, ఏఏసీ కోసం చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్ పెట్టాలి. హైదరాబాద్‌లోని ఎత్తయిన టవర్లలో మైవాన్ పద్ధతిలో అల్యూమినియం అచ్చులు నిలబెట్టి గోడ మొత్తాన్ని కాంక్రీటుతో పోసేస్తున్నారు. అలాంటి గోడ ముందు 12 వోల్టుల మిషన్ నిలబడదు. ఎస్‌డీఎస్ అనే గాళ్లున్న కాడల బిట్లు పట్టే రోటరీ హ్యామర్ తెచ్చుకోవాల్సిందే. ఇటుక ఇంట్లో కూడా కర్టెన్ రాడ్ బ్రాకెట్ వచ్చేది సరిగ్గా కిటికీ పైన, అంటే లింటెల్ మీద. అది కాంక్రీటు దూలం. గోడలో మిగతాచోట్ల వెన్నలా దిగిన బిట్ అక్కడ మొరాయించడానికి కారణం అదే.

కాబట్టి ఇక్కడి ఇంటికి తెలివైన పద్ధతి పనిని రెండుగా విడదీయడం. గోడ తొలిచే పని ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. దానికి వైరు హ్యామర్ మిషన్ అద్దెకో, ఎదురు ఫ్లాట్‌లోనో దొరుకుతుంది, లేదంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే అరగంట పని. స్క్రూలు బిగించే పని నెలనెలా ఉంటుంది, దానికి చిన్న కార్డ్‌లెస్ మిషన్ కొనుక్కోవచ్చు. ఒకే మిషన్‌తో అన్నీ చేయాలన్న ఆశతో బరువైన 18 వోల్టుల హ్యామర్ డ్రిల్ కొన్నవాళ్లు, స్టూలు మీద నిలబడి దాంతో చిన్న హింజ్ స్క్రూ తిప్పాల్సి వచ్చినప్పుడు చేయి పీకి పక్కన పెట్టేస్తారు.

చెక్కలో కూడా బెజ్జాలు వేసుకోవాలనుకునేవాళ్లకు, కొత్తగా ఇల్లు సర్దుకుంటున్నవాళ్లకు 12 వోల్టుల డ్రిల్ డ్రైవర్ సరైన ఎంపిక. అద్దె ఇంట్లో ఉంటూ అప్పుడప్పుడు వదులైనవి బిగించుకునేవాళ్లకు 3.6 వోల్టులది చాలు. 18 వోల్టులది ఇంటికి తప్పనిసరి అనిపించే సందర్భం చాలా అరుదు.

స్టార్ అన్నీ ఒకే స్టార్ కాదు

ఇప్పుడు అసలు విషయం. ప్లస్ గుర్తున్న స్క్రూలన్నిటినీ మనం స్టార్ అనేస్తాం. అందులో కనీసం రెండు రకాలు రోజూ ఎదురవుతాయి. ఒకటి ఫిలిప్స్. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన హెన్రీ ఫిలిప్స్ 1930లలో పేటెంట్లు తీసుకుని కార్ల ఫ్యాక్టరీలకు చేర్చిన తల ఇది. రెండోది పోజిడ్రైవ్. తర్వాతి కాలంలో దాన్నే సవరించి చేసింది. దగ్గరగా పట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది: పోజిడ్రైవ్ స్క్రూ తల మీద ప్లస్ గుర్తు నాలుగు చేతుల మధ్యలో సన్నటి గీతలు నాలుగు ఉంటాయి. మాడ్యులర్ కిచెన్ తలుపులకు వచ్చే యూరప్ తరహా హింజ్‌లు విప్పితే వాటి మీద ఈ గీతలు కనిపిస్తాయి.

మిషన్‌తో పాటు వచ్చే బిట్ ఎక్కువగా ఫిలిప్స్ 2 (2 అనేది సైజు నంబర్). దాన్ని పోజిడ్రైవ్ తలలో పెడితే పట్టినట్టే అనిపిస్తుంది. చేత్తో తిప్పితే తిరుగుతుంది కూడా. మిషన్ పెట్టగానే బిగువు దగ్గర బిట్ పైకి ఎగిరి, కటకటమని గాడిని కొరికేస్తుంది. రెండుసార్లు అలా జరిగితే తల గుండ్రంగా అరిగిపోతుంది, ఇక ఆ స్క్రూ బయటికీ రాదు, లోపలికీ పోదు. నలభై ఆరు ముక్కల సెట్‌లో నలభై ముక్కలు జీవితంలో వాడరు. ఫిలిప్స్ 1, ఫిలిప్స్ 2, పోజిడ్రైవ్ 2, ఒక ఫ్లాట్, 4 మిల్లీమీటర్ల ఆలెన్, సైకిల్ డిస్క్ బ్రేకుల్లాంటివాటికి ఆరు కోణాల టార్క్స్ ఒకటి రెండు చాలు. ఇవి విడిగా, మంచి స్టీలువి కొనుక్కోవాలి. సెట్‌లో వచ్చే మెత్తటి బిట్ కొస అరిగిందంటే అది స్క్రూ తలల్ని తినడం మొదలుపెడుతుంది. బిట్ చవక, పారేయడానికి వెనకాడకూడదు. అయస్కాంతం ఉన్న బిట్ హోల్డర్ ఒకటి తీసుకుంటే స్టూలు మీద నిలబడి స్క్రూని రెండో చేత్తో పట్టుకోవాల్సిన అవస్థ తప్పుతుంది.

బిట్ సరైనదే అయినా మిషన్ వంకరగా పట్టుకుంటే జారుతుంది. స్క్రూ, బిట్, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. తిప్పడం మిషన్ చూసుకుంటుంది. మన పని ముందుకు నొక్కి పట్టడం. కొత్తవాళ్లు ట్రిగ్గర్ మీద దృష్టి పెట్టి నొక్కడం మరిచిపోతారు.

బెజ్జం వేయని స్క్రూ

సోఫా కాలో, టేకు తలుపు గడియో బిగించేటప్పుడు ముందు సన్నటి బెజ్జం వేసుకోవడం పాత వడ్రంగులు బర్మా అనే చేతి డ్రిల్‌తో చేసిన పనే. మిషన్ వచ్చాక చాలామంది మానేశారు, ఎందుకంటే మిషన్ స్క్రూని నేరుగా దించేస్తుంది. దించేస్తుంది గానీ చెక్క చీలుతుంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అంచుల్లో అయితే పొరలుగా ఉబ్బి పగులుతుంది. 8 నంబర్ స్క్రూ లావు దాదాపు 4.2 మిల్లీమీటర్లు. మెత్తటి చెక్కలో దానికి 2.5, టేకు, మద్ది లాంటి గట్టి చెక్కలో 3 మిల్లీమీటర్ల బెజ్జం సరిపోతుంది. సూత్రం ఏమిటంటే బెజ్జం స్క్రూ నడుమంత ఉండాలి, మరలు మాత్రం చెక్కని కోసుకుంటూ వెళ్లాలి.

ఇత్తడి స్క్రూలతో మరింత జాగ్రత్త. టేకులో నేరుగా మిషన్ పెడితే తల పుటుక్కున తెగి మర లోపలే ఉండిపోతుంది. అదే సైజు ఇనుప స్క్రూని ముందు దించి, తీసేసి, ఆ దారిలో ఇత్తడిదాన్ని చేత్తో బిగించాలి. మరలకు కాస్త సబ్బు రాస్తే ఇంకా సులువు. ఇక అన్నిటికీ వాడేసే నల్ల స్క్రూ సంగతి. అది జిప్సమ్ బోర్డు కోసం పుట్టింది. గట్టిగా ఉంటుంది గానీ పెళుసు, వంగదు, విరుగుతుంది. బరువు మోసే షెల్ఫ్‌కీ, తలుపు హింజ్‌కీ దాన్ని వాడటం తప్పు. ఇంపాక్ట్ డ్రైవర్‌తో అయితే తల ఊడిన నల్ల స్క్రూలు కింద రాలుతూనే ఉంటాయి.

రింగ్ మీద అంకెలు

క్లచ్ రింగ్ గురించి మిషన్‌తో వచ్చే పుస్తకంలో రెండు వాక్యాలుంటాయి. చాలామంది దాన్ని డ్రిల్ గుర్తు మీదే వదిలేసి ఏళ్ల తరబడి వాడతారు. అంకె ఎంత తక్కువైతే మిషన్ అంత త్వరగా చేతులెత్తేస్తుంది: టకటకమని చప్పుడు చేస్తూ బిట్ ఆగిపోతుంది. అది చెడిపోయిన చప్పుడనుకుని కంగారుపడేవాళ్లున్నారు. ఆ చప్పుడు కోసమే ఆ రింగ్ పెట్టారు.

కిచెన్ షటర్ హింజ్‌ని తీసుకుందాం. పార్టికల్ బోర్డులో 16 మిల్లీమీటర్ల పొట్టి స్క్రూ. రింగ్‌ని 3 దగ్గర పెట్టి, స్పీడ్ స్విచ్ 1లో ఉంచి, ట్రిగ్గర్ సగమే నొక్కాలి. తల ప్లేటుకి తగలకముందే టకటకమంటే 4కి, 5కి పెంచాలి. తల ప్లేటుకి ఆనగానే చప్పుడు వచ్చే అంకె దొరికిందంటే మిగతా స్క్రూలన్నీ అదే అంకెతో బిగించొచ్చు. డ్రిల్ గుర్తు మీద ఉంచి చేస్తే తల ఆనిన తర్వాత కూడా మర ఒక చుట్టు తిరిగి బోర్డుని పిండి చేస్తుంది. ఆ పూటకు తెలియదు. నెల తర్వాత తలుపు వేలాడుతుంది. అలా మర పట్టు పోయిన బెజ్జంలో అగ్గిపుల్లలో వెదురు పుల్లలో ఫెవికాల్‌తో దట్టించి, మర్నాటి దాకా ఆరనిచ్చి, సన్నటి బెజ్జం వేసి మళ్లీ బిగించడం మన కార్పెంటర్ల పాత చిట్కా. బాగానే పనిచేస్తుంది.

స్విచ్ బోర్డు దగ్గర పద్ధతి ఇంకొంచెం మారుతుంది. ముందు ఎంసీబీ, అంటే ఆ లైనుకి కరెంటు ఆపే స్విచ్, ఆపాలి. మామూలు కార్డ్‌లెస్ మిషన్‌కి ప్లాస్టిక్ ఒళ్లున్నా బిట్, చక్ ఇనుమే. కరెంటు ఉన్న పని కోసం 1000 వోల్టుల ఇన్సులేషన్ గుర్తుతో వచ్చే చేతి స్క్రూడ్రైవర్లు వేరే ఉంటాయి. ఎంసీబీ ఆపాక ప్లేటు స్క్రూలు విప్పడానికి మిషన్ వాడొచ్చు, పొడవాటి స్క్రూలు కాబట్టి బోలెడు సమయం కలిసొస్తుంది. బిగించేటప్పుడు క్లచ్‌ని 1లో పెట్టి, చివరి చుట్టు చేత్తోనే తిప్పాలి. స్విచ్ వెనక వైర్లు పట్టే ఇత్తడి టెర్మినల్ స్క్రూల జోలికి మిషన్‌తో వెళ్లకపోవడమే క్షేమం. మర పోయిన టెర్మినల్‌లో వైరు వదులుగా ఉంటుంది, వదులు వైరు వేడెక్కుతుంది, గీజర్ స్విచ్‌లు మాడటానికి అదో కారణం.

బ్యాటరీ, ఎండ

పూర్తిగా అయిపోయాకే ఛార్జ్ చేయాలన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అది నికెల్ కాడ్మియం కాలం నాటి సలహా. బ్లాక్ అండ్ డెకర్ 1961లో తొలి కార్డ్‌లెస్ డ్రిల్ తెచ్చినప్పటి నుంచి దశాబ్దాల పాటు ఈ మిషన్లు ఆ బ్యాటరీలతోనే నడిచాయి. 2003లో బాష్ ఇక్సో అనే చిన్న స్క్రూడ్రైవర్ లిథియం అయాన్ సెల్‌తో వచ్చింది. లిథియం బ్యాటరీలకు పాత సలహా పనికిరాదు సరికదా, హాని చేస్తుంది. మిషన్ నీరసించిందనిపించగానే ఛార్జ్ పెట్టాలి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌తో దాచాలి. సున్నా దగ్గర వదిలేసి ఆరు నెలల తర్వాత తీస్తే చాలా ప్యాక్‌లు ఇక లేవవు.

మన దగ్గర బ్యాటరీకి అసలు శత్రువు వేడి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు. కారు డిక్కీలో ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. చాలా ఛార్జర్లు దాదాపు అంతకు మించిన వేడిలో ఛార్జ్ చేయడానికి ఒప్పుకోవు, ఎర్ర లైటు వెలిగిస్తూ కూర్చుంటాయి. పని చేసి వేడెక్కిన ప్యాక్‌ని ఫ్యాన్ కింద కాసేపు ఉంచి అప్పుడు ఛార్జ్‌లో పెట్టాలి.

ఒక బ్రాండ్ ప్యాక్ ఇంకో బ్రాండ్‌కి పట్టదు, అదే బ్రాండ్‌లో కూడా 12 వోల్టులది 18 దానికి సాధారణంగా పట్టదు. అందుకే మొదటి మిషన్‌తోనే ఆ కుటుంబంలో చేరిపోయినట్టు లెక్క. విడి బ్యాటరీ ఊళ్లో దొరుకుతుందా, సర్వీస్ సెంటర్ ఎక్కడుంది అన్నవి మిషన్ కన్నా ముందు కనుక్కోవాల్సిన విషయాలు.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునే అలవాటు కూడా ఉంది కాబట్టి ఇదొక్కటి. మిషన్, బ్యాటరీ ఇక్కడ నిక్షేపంగా పనిచేస్తాయి. వాటితో వచ్చే ఛార్జర్ మాత్రం చాలావరకు 120 వోల్టులకే చేసినది. పిన్ మార్చి మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టిన రోజే అది కాలిపోతుంది. ఫోన్ ఛార్జర్లలా 100–240 అని రాసి ఉందేమో వెనక లేబుల్ చూసుకోవాలి. విమానంలో మిషన్‌ని చెకిన్ బ్యాగులో వేసి, విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలో తెచ్చుకోవాలి. 100 వాట్ అవర్ లోపు వాటికి మామూలుగా అడ్డు చెప్పరు. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ ప్యాక్ 90 వాట్ అవర్ కాబట్టి ఆ గీత లోపలే ఉంటుంది. ఛార్జర్‌ని మాత్రం అదే బ్రాండ్‌ది, 230 వోల్టులది ఇక్కడే కొనుక్కోవడం మేలు.